పాఠకుల ప్రశ్న: క్లాసులో తప్పు చెప్పాను, చార్టు మీదా అదే ఉంది. ఇప్పుడెలా?

అనంతపురం జిల్లాలో, గుత్తికి దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ టీచరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఆమె బయాలజీ టీచరు. ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీగా ఉండడంతో రెండేళ్లుగా ఆ క్లాసులూ ఆమె మీదే పడ్డాయి. తొమ్మిదో తరగతికి గురుత్వాకర్షణ పాఠం చెబుతూ, "అంతరిక్షంలో గాలి ఉండదు, గురుత్వాకర్షణ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలుతుంటారు" అన్నారట. వెనక బెంచీలో ఒక పిల్లోడు లేచి, "మరి చందమామ యాడికీ పోకుండా ఈడే యాలుండాడు మేడం?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఆమెకు జవాబు తట్టలేదు. "కూర్చో, చెప్పింది రాసుకో" అని గదమాయించారు. ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే, వాడి అనుమానమే సరైనదని తేలింది.

ఆమె చెప్పిన మాటల మీదే పిల్లలు అప్పటికే "జీరో గ్రావిటీ" అని ఒక మోడల్ చేశారు. థర్మాకోల్ దిమ్మెలో పెన్సిలు గుచ్చి, దానికి రెండు రింగు అయస్కాంతాలు తొడిగారు. పైది కిందిదాన్ని తాకకుండా గాల్లో నిలబడుతుంది. పక్కన, అంతరిక్షంలో మనిషి శరీరానికి ఏమవుతుందో చెప్పే చార్టు. మండల స్థాయిలో మొదటి బహుమతి వచ్చింది. జిల్లా స్థాయికి ఇంకా 12 రోజులుంది. "బహుమతి వచ్చినదాన్ని కెలకొద్దు" అంటున్నారు హెడ్మాస్టరు. "పిల్లోళ్లకేం తెలుస్తుంది, వదిలెయ్" అంటున్నారు తోటి టీచరు. అడిగిన పిల్లోడు మాత్రం ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. "ఒప్పుకుంటే ఇక క్లాసులో నా మాట చెల్లుతుందా? ఒప్పుకోకుండా సరిదిద్దే దారి ఉందా? చార్టులో ఇంకా ఏమేం తప్పులున్నాయి?" అని అడుగుతూ చార్టు ఫొటో కూడా పంపారు.

సమాధానం:

టీచర్ గారూ, మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. ఫిజిక్సు ఒకటి, సైన్స్ ఫెయిర్ ఒకటి, ఆ పిల్లోడు ఒకటి. ముందు ఫిజిక్సు ముడి విప్పుదాం. అది విడిపోతే మిగతా రెండూ సగం వదులవుతాయి.

వ్యోమగాములుండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మనకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ తిరుగుతోంది. భూమి నడిబొడ్డు నుంచి మన నేల 6,370 కిలోమీటర్లు, అంతరిక్ష కేంద్రం 6,770. దూరం వర్గం కొద్దీ ఆకర్షణ తగ్గుతుంది కాబట్టి, ఈ రెంటి నిష్పత్తికి వర్గం వేస్తే అక్కడి ఆకర్షణ ఇక్కడి దానిలో 88 శాతం పైనే వస్తుంది. అంటే పడే వస్తువు వేగం సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరిగే బదులు 8.7 చొప్పున పెరుగుతుంది. అంత పొడవు నిచ్చెన వేసి, 60 కిలోల మనిషిని దాని చివరి మెట్టు మీద కాటా ఎక్కిస్తే 53 కిలోలు చూపిస్తుంది. తేలడు, మెట్టు మీదే నిలబడతాడు. కాబట్టి తేలడానికి కారణం ఆకర్షణ లేకపోవడం కాదు. కింద నుంచి ఆనే నేల లేకపోవడం. మనిషి, ఆయన కూర్చున్న గది, చేతిలోని నీళ్ల సంచి, అన్నీ ఒకే వేగంతో కలిసి పడిపోతుంటే ఎవరు ఎవరిని ఆనాలి? మనం "బరువు" అని అనుభవించేది భూమి లాగుడును కాదు, నేల మన పాదాన్ని తిరిగి నెట్టే నెట్టుడును. ఆర్టీసీ బస్సు వెనక సీట్లో కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. సీటు కిందికి జారిపోయిన ఆ అర సెకనులో కడుపులో ఏదో తేలినట్టుంటుంది చూడండి, అదే భారరహిత స్థితి. వ్యోమగాములకు ఆ అర సెకను నెలల తరబడి సాగుతుంది.

మరి పడిపోతుంటే నేలను ఎందుకు తాకరు? పక్కకు పోయే వేగం వల్ల. అంతరిక్ష కేంద్రం సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు పక్కకు పోతుంది. అదే సెకనులో 4.3 మీటర్లు కిందికి పడుతుంది. గుండ్రటి భూమి కూడా అంత దూరంలో సరిగ్గా 4.3 మీటర్లే వంగి కిందికి జరుగుతుంది. పడ్డదెంతో నేల జరిగిందీ అంతే, అందుకే ఎత్తు తగ్గదు. చందమామదీ ఇదే లెక్క. సెకనుకు కిలోమీటరు పైచిలుకు పక్కకు పోతూ 1.36 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత, మనవైపు పడుతుంటాడు. మీ పిల్లోడు అడిగినదానికి జవాబు ఆ ఆవగింజే. న్యూటన్‌ను పట్టుకున్న ప్రశ్న కూడా ఇలాంటిదే కాబట్టి, మీ క్లాసు నవ్వినందుకు వాడు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

గాలి సంగతి కూడా తేల్చుకుందాం, మీ వాక్యంలో రెండు తప్పులూ కలిసే ఉన్నాయి. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేల తాకాయి. గాలి లేదు, అయినా పడ్డాయి. అంతరిక్ష కేంద్రం లోపల మనం పీల్చేలాంటి గాలే ఉంటుంది, అయినా మనుషులు తేలుతున్నారు. తేలడానికీ గాలికీ పొత్తు లేదని చెప్పడానికి ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు.

ఒక హెచ్చరిక. తప్పు దిద్దబోయి చాలామంది ఇంకో తప్పులో పడతారు. "అపకేంద్ర బలం, గురుత్వాకర్షణ సమానమై రద్దవుతాయి" అని గైడ్లలో కనిపించే వాక్యాన్ని చార్టు మీదికి ఎక్కించకండి (అపకేంద్ర బలమంటే గుండ్రంగా తిరిగేదాన్ని బయటికి నెడుతుందని చెప్పే బలం). రెండూ నిజంగా రద్దయితే కేంద్రం తిన్నగా గీత గీసినట్టు పోవాలి గానీ భూమి చుట్టూ తిరగకూడదు కదా అని జడ్జి అడిగితే పిల్లలు నీళ్లు నములుతారు. పైగా మేడ మీది నుంచి నిట్టనిలువునా వదిలిన సీసాలోనూ భారం మాయమవుతుంది. అక్కడ గుండ్రంగా తిరిగేదే లేదు.

ఇక ఫెయిర్ సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, హెడ్మాస్టరు చెప్పినట్టు దేన్నీ ముట్టకుండా తీసుకెళ్లడం. మండలంలో ఎవరూ అడగలేదు కాబట్టి జిల్లాలోనూ అడగకపోవచ్చు. కానీ అక్కడికి వచ్చే జడ్జీల్లో ఫిజిక్సు లెక్చరరు ఒక్కరున్నా, పైనున్న అయస్కాంతాన్ని చూపించి "దీనికి బరువు లేదా?" అంటారు. అక్కడ నిలబడేది మీరు కాదు, పిల్లలు. మీరు చెప్పినదాన్నే వాళ్లు మీ తరఫున మోస్తుంటారు.

రెండోది, మోడల్ మొత్తం మార్చేయడం. 12 రోజుల్లో సాధ్యమే గానీ, ఎంపికైన మోడల్‌ను అంతలా మార్చనిస్తారో లేదో నిర్వాహకులను ముందే అడిగి తెలుసుకోవాలి. పిల్లలు రెండు వారాలు పడ్డ శ్రమ పక్కకు పోతుంది, హెడ్మాస్టరుతో గొడవ ఖాయం.

మూడోది, మోడల్‌ను అలాగే ఉంచి దాని పేరూ, అది అడిగే ప్రశ్నా మార్చడం. నా మొగ్గు ఇటే. మీ రింగు అయస్కాంతాలు తప్పు కాదు, వాటి మీది చీటీ తప్పు. చీటీ తీసేసి "తేలుతున్నదంతా భారరహితమేనా?" అని రాయించండి. మోడల్‌ను కిరాణా కొట్లో వాడే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టండి. పై రింగు తేలుతున్నప్పుడు ఎన్ని గ్రాములో చూడమనండి. తర్వాత దాన్ని తిరగేసి, కింది రింగుకు అతుక్కునేలా చేసి మళ్లీ చూడమనండి. అంకె మారదు. తేలుతున్న రింగు బరువును కింది రింగు మోస్తోంది, దాన్ని కాటా మోస్తోంది. అంటే ఇది ఆసరా ఉన్న తేలడం. ఇక్కడ ఒక చిక్కుంది. అయస్కాంతం కాటాకు మరీ దగ్గరగా ఉంటే లోపలి ఇనుప భాగాలను లాగి అంకెను చెడగొడుతుంది. మధ్యలో 10, 15 సెంటీమీటర్ల ఎత్తు చెక్కదిమ్మె పెట్టి, అంకె నిలకడగా ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

దాని పక్కన అసలైన భారరహిత స్థితిని చూపించాలి. ఖర్చు దాదాపు లేదు.

లీటరు నీళ్ల సీసా తీసుకుని, అడుగుకు రెండు వేళ్ల పైన కాల్చిన మేకుతో 4 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. రంధ్రం సూదిమొన అంత ఉంటే తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, నీటిని ఆపేస్తుంది, ధార రాదు. ముప్పావు వంతు రంగు నీళ్లు పోసి, మూత తీసేయండి. మూత తీయడం మరిచిపోవడమే ఇందులో అందరూ చేసే పొరపాటు. మూత ఉంటే చేతిలో పట్టుకున్నా ధార ఆగిపోతుంది, అది గాలి పీడనం పని. జడ్జి అక్కడే పట్టుకుంటారు. రంధ్రం మీద వేలు తీసి ధార వస్తోందని చూపించి, సీసాను వదిలేయాలి, నెట్టకూడదు, తిప్పకూడదు. పడుతున్నంతసేపూ ధార ఉండదు. నీళ్లూ సీసా ఒకే వేగంతో పడుతుంటే పై నీరు కింది నీటిని నొక్కదు, నొక్కనప్పుడు బయటికి తోసేదేముంది?

మొదటి అంతస్తు వరండా నుంచి, 3.5 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 0.85 సెకను దొరుకుతుంది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి తీస్తే అది దాదాపు 7 సెకన్లు సాగుతుంది, స్టాల్లో ఆ వీడియోనే తిప్పి తిప్పి చూపించవచ్చు. సీసా కిందికి చేరేటప్పటికి గంటకు 30 కిలోమీటర్ల వేగం మీదుంటుంది, కాబట్టి కింద తడి ఇసుక సంచి వేయండి, పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. స్టాల్ దగ్గర మనిషి ఎత్తు నుంచి బకెట్టులోకి వదిలినా అర సెకను దక్కుతుంది.

ఇక అందరి నోళ్లూ తెరిపించేది ఇంకొకటి. సీసాను పైకి విసరండి. చెయ్యి వదిలిన క్షణం నుంచే, పైకి పోతున్నప్పుడు కూడా ధార ఆగిపోతుంది. "పడడం" అంటే కిందికి రావడం కాదు, ఆసరా లేకుండా ఆకర్షణ ఒక్కదానికే లోబడి కదలడం అని ఇంతకంటే బాగా చెప్పేది లేదు. అంతరిక్ష కేంద్రం పక్కకు పోతూ పడుతుందంటే పిల్లలు నమ్మేది దీని తర్వాతే.

కొవ్వొత్తి వెలిగించిన గాజు సీసాను పడేసే ప్రయోగం చేస్తామని పిల్లలు అడిగితే ఒప్పుకోకండి. భారం లేనిచోట వేడిగాలి పైకి లేవదు కాబట్టి మంట గుండ్రంగా, నీలంగా మారుతుందన్నది నిజమే. దాన్ని మాటతో చెప్పండి, గాజూ నిప్పూ ఫెయిర్ హాల్లో వద్దు.

బరువు తెలియనిచోట ద్రవ్యరాశి ఎలా కొలుస్తారని ఎవరైనా అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఒక హాక్సా బ్లేడు కొనండి. పళ్ల వైపు టేపు చుట్టి, బ్లేడు అడ్డంగా పక్కలకు ఊగేలా బల్ల అంచుకు క్లాంపుతో బిగించండి. చివర 50 గ్రాముల బంకమట్టి అంటించి, 20 ఊపులకు ఎన్ని సెకన్లో చూడండి. మట్టి 100 గ్రాములు చేసి మళ్లీ చూడండి, ఊపు నెమ్మదిస్తుంది. పక్కకు ఊగుతోంది కాబట్టి ఇక్కడ పని చేసేది బరువు కాదు, జడత్వం, అంటే కదలికలో మార్పుకు వస్తువు మొండికేసే గుణం. వ్యోమగాములు తమ ద్రవ్యరాశిని ఇలాంటి సూత్రంతోనే, స్ప్రింగుకు బిగించిన పరికరం మీద ముందుకూ వెనక్కూ ఊగి తెలుసుకుంటారు. మట్టి జారిపోతే లెక్క తప్పుతుంది, పైన ఇంకో చుట్టు టేపు వేయండి.

ఇప్పుడు చార్టు. ఇది మీ సొంత సబ్జెక్టు, నిజానికి ఈ మోడల్‌కు బలమంతా ఇక్కడే ఉంది. ఫొటోలో నాలుగు వాక్యాలు కనబడుతున్నాయి.

"ఆకర్షణ లేక ఎముకలు కరిగిపోతాయి." కరిగిపోవు, పలచబడతాయి. వ్యాయామం లేకపోతే తుంటి లాంటి బరువు మోసే ఎముకల్లో నెలకు 1 నుంచి 1.5 శాతం వరకు సాంద్రత తగ్గుతుంది. అలా వదిలిన కాల్షియం మూత్రంలో పోతుంది కాబట్టి కిడ్నీలో రాళ్ల ముప్పు కూడా పెరుగుతుంది. కారణం మాత్రం ఆకర్షణ లేకపోవడం కాదు. ఇక్కడ మీకు దొరికే గట్టి సాక్ష్యం ఒకటుంది. భారరహిత స్థితి ప్రభావాలు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ భూమి మీదే, ఆరోగ్యవంతులను తల వైపు 6 డిగ్రీలు వంచిన మంచం మీద వారాల తరబడి పడుకోబెడతారు. ఆకర్షణ పూర్తిగా ఉంది, అయినా ఎముక పలచబడుతుంది, కండ తగ్గుతుంది, తల కిందికి వంగి ఉండడంతో ద్రవాలు తలవైపు చేరతాయి. ఎముకా కండా తగ్గేది తుంటి నుంచి మడమ దాకా నేల నెట్టే నెట్టుడు పోయినందుకు. తుంటి విరిగి మూడు నెలలు మంచాన ఉన్న అవ్వను చూసిన పిల్లలు మీ క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కాళ్లు ఎందుకు సన్నబడతాయో వాళ్లే చెప్తారు. ఫిజిక్సు సగాన్నీ బయాలజీ సగాన్నీ కలిపే ముడి ఇదే. ఒక్క వాక్యం మారిస్తే రెండు సగాలూ ఒకే మాట చెప్తాయి.

"ఎత్తు పెరుగుతారు." నిజమే. వెన్నుపూసల మధ్య నొక్కుడు లేక ఎత్తు 3 శాతం దాకా పెరగవచ్చు. కానీ భూమికొచ్చాక మళ్లీ మామూలవుతుంది, ఆ ముక్క కూడా రాయించండి. లేకపోతే పొట్టి పిల్లలంతా రాకెట్టు ఎక్కుతామంటారు.

"రక్తం తలకెక్కుతుంది, గుండె ఆగిపోవచ్చు." మొదటి సగం ఉంచి, రెండోది కొట్టేయండి. నిలబడి ఉన్నప్పుడు కాళ్లలోకి దిగే ద్రవాల్లో లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా పైకి జరుగుతాయి. ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడేస్తుంది. ద్రవం ఎక్కువైందనుకుని శరీరం ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, తగ్గించుకుంటుంది. అందుకే తిరిగొచ్చి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. గుండెకు ఎత్తుకు తోసే శ్రమ తగ్గి కండ కాస్త తగ్గుతుంది, ఆగిపోవడం మాత్రం లేదు.

"అక్కడ వ్యాయామం అవసరం లేదు." ఇది పూర్తిగా తలకిందులు. రోజుకు దాదాపు రెండు గంటలు చేస్తారు. ట్రెడ్‌మిల్ మీద మనిషిని సాగే పట్టీలతో కిందికి లాగి కడతారు, లేకపోతే మొదటి అడుగుకే పైకి లేచిపోతారు. ఇనుప బరువులు అక్కడ పనికిరావు కాబట్టి, గాలి తీసేసిన సిలిండర్లను లాగే యంత్రం వాడతారు.

చార్టులో కొంచెం ఖాళీ మిగిలితే తిండి గురించి ఒక బొమ్మ వేయించండి, జనం అక్కడే ఆగుతారు. ఉగ్గాని అక్కడ పనికిరాదు, ఒక్క బొరుగు జారినా తేలుతూ పోయి కంట్లోనో యంత్రంలోనో దూరుతుంది. రొట్టె పొడి రాలుతుందనే బ్రెడ్డు బదులు మెక్సికో తరహా పల్చటి రొట్టెలు వాడతారు. మన సంగటి ముద్దకైతే ఏ ఇబ్బందీ లేదు, చేతికే అతుక్కుని ఉంటుంది. ముక్కు దిబ్బడతో రుచి మందగించి, చాలామంది కారం ఎక్కువ కోరుకుంటారు కూడా.

ఇక మీ మొదటి ప్రశ్న. పెద్ద ప్రశ్న అదే.

క్లాసులో ఏమీ అనకుండా సీసా ప్రయోగం చేసి, సరైన వాక్యం బోర్డు మీద రాసి ముందుకు పోవచ్చు. మీ పరువు దక్కుతుంది. కానీ పిల్లల నోటుపుస్తకాల్లో పాత వాక్యమూ కొత్త వాక్యమూ రెండూ ఉంటాయి, పరీక్షలో ఏది రాయాలో తెలియక సగంమంది పాతదే రాస్తారు. అడిగిన పిల్లోడికి మాత్రం విషయం తెలిసిపోతుంది: మేడం దిద్దుకున్నారు, నాకు మాత్రం చెప్పలేదు.

లేదా అందరి ముందూ ఒప్పుకోవచ్చు. "గురుత్వాకర్షణ పాఠంలో నేను చెప్పినదాంట్లో తప్పుంది, పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేయండి" అంటే చాలు, క్షమాపణలు అక్కర్లేదు. మీ మాట చెల్లదేమోనన్న భయం నాకర్థమైంది. అయితే పిల్లలు టీచరును తక్కువ చేసేది తప్పు చెప్పినందుకు కాదు, తప్పని తెలిశాక నసిగినందుకు. ఇందులో ఇంకో ముప్పు ఉంది, అది మీకు కాదు, వాడికి. "మేడంనే తప్పు పట్టినోడు" అని తోటిపిల్లలు వాడిని ఆడించవచ్చు. కాబట్టి ముందురోజే వాడిని పక్కకు పిలిచి, "నువ్వడిగింది సరైన ప్రశ్న, నేను గదమాయించకుండా ఉండాల్సింది, రేపు క్లాసులో నీ పేరు చెప్పమంటావా వద్దా?" అని అడగండి. వద్దంటే "ఒకరు అడిగారు" అని సరిపెట్టండి. పేరు చెప్పమంటే ఆవగింజ లెక్క వాడితోనే బోర్డు మీద వేయించవచ్చు. చందమామ భూమి వ్యాసార్ధానికి దాదాపు 60 రెట్ల దూరంలో ఉన్నాడు, 60కి వర్గం 3,600; 9.8ని దానితో భాగించి అందులో సగం తీసుకోవడమే, తొమ్మిదో తరగతి పిల్లోడికి కష్టమేమీ కాదు.

హెడ్మాస్టరు దగ్గర "తప్పుంది సార్" అని మొదలుపెడితే ఆయన తలుపు మూసుకుంటారు. "మోడల్ అదే సార్, ఒక చీటీ, చార్టులో మూడు వాక్యాలు మారుతున్నాయి, ఒక సీసా ప్రయోగం కలుపుతున్నాం" అనండి. ఆయన భయం మండలం బహుమతి గురించి. మోడల్ అదేనని తెలిస్తే చాలావరకు మెత్తబడతారు. అప్పటికీ ససేమిరా అంటే చార్టు దిద్దడం వరకైనా ఒప్పించండి. గోడకు వేలాడే తప్పు వాక్యం నోటితో చెప్పినదానికంటే ఎక్కువ రోజులు బతుకుతుంది.

జడ్జీలు అడగబోయే ఇంకో ప్రశ్నకు పిల్లల్ని సిద్ధం చేయండి: "మరి దీన్ని మైక్రోగ్రావిటీ అని ఎందుకంటారు?" జవాబు: భారం పూర్తిగా సున్నా కాదు కాబట్టి. ఆ ఎత్తులోనూ మిగిలిన పలచటి గాలి కేంద్రాన్ని కాస్త వెనక్కు లాగుతుంది, లోపల మనుషులు కదులుతుంటారు, మధ్యనున్న వస్తువుకూ అంచునున్న వస్తువుకూ పడే తీరులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ అతి చిన్న శేషానికే ఆ పేరు.

సీసాలు నాలుగైదు ఎక్కువ తీసుకెళ్లండి, మూడు నాలుగుసార్లు పడేసరికి అడుగు చిట్లుతుంది. రంధ్రాలు ఇంటి దగ్గరే చేసి టేపు అంటించుకుని వెళ్లండి. ఒక పాత తువ్వాలు, ఒక బకెట్టు మరిచిపోకండి.